స్మార్ట్ సిటీ కంపెనీ ఎవరిది, లెక్క ఎవరికి చెప్పాలి?

ఎడిటర్ గారికి నమస్కారం,

నగరాల్ని బాగుచెయ్యడానికి కేంద్రం పెట్టిన స్మార్ట్ సిటీస్ మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. పదేళ్ళలో ఏ రోడ్డు బాగుపడింది, ఏ పార్కు పాడైపోయింది, కెమెరాలు పనిచేస్తున్నాయా లేదా అని పేపర్లలో చాలా వచ్చాయి, ఇంకా వస్తాయి, మంచిదే. ఒక్క విషయం మీద మాత్రం ఎవరూ పెద్దగా రాయట్లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నా. ఆ పనులు చేయించింది నేరుగా మున్సిపల్ కార్పొరేషన్ కాదండీ, దాని పక్కన పెట్టిన ఒక కంపెనీ. మిషన్ అయిపోయింది గానీ కంపెనీ అయిపోలేదు. కంపెనీల చట్టం కింద పుట్టింది కాబట్టి పద్ధతి ప్రకారం మూసేసేదాకా అది ఉంటుంది, ఉన్నన్నాళ్ళూ బోర్డు మీటింగులు పెట్టాలి, లెక్కలు రాయాలి, ఆడిట్ చేయించాలి, రిజిస్ట్రార్ దగ్గర ఫైల్ చెయ్యాలి. ఇవన్నీ జరుగుతున్నాయా, జరిగితే ఎవరు చూస్తున్నారు, ఆ కంపెనీలో సగం వాటాకి ఓనర్ అయిన ఊరికి ఎవరైనా చెప్తున్నారా అన్నదే నా గొడవ.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ కంపెనీల అకౌంట్సుతోనే గడిపినవాణ్ణి, రిటైరయ్యాక కూడా బ్యాలెన్స్ షీట్ కనపడితే చివరి పేజీల్లో నోట్సు నుంచి చదవడం అలవాటు పోలేదు. ఆ అలవాటుతోనే ఒక స్మార్ట్ సిటీ కంపెనీ (ఊరు పేరు చెప్పను, ఒక్కళ్ళని అనడం నా ఉద్దేశం కాదు) కాగితాలు చూద్దామని కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్లో 100 రూపాయలు కట్టి తెరిచా. ఎవరైనా తెరవచ్చు, రహస్యం ఏమీ లేదు. అక్కడ లెక్కలు ఆలస్యంగా ఫైల్ అయి ఉన్నాయి, ఇండిపెండెంట్ డైరెక్టర్ల (అంటే యాజమాన్యంతో సంబంధం లేని బయటి డైరెక్టర్ల) సీట్లు ఖాళీ అని రాసి ఉంది, ఆడిటర్ తన రిపోర్టులో ఫలానా ఆస్తులు భౌతికంగా చెక్ చేసిన రికార్డు మాకు ఇవ్వలేదు అని రాశాడు. ఆ ఊరి కార్పొరేటర్లలో నాకు తెలిసినాయన్ని అడిగితే, మా కౌన్సిల్లో ఈ కాగితం ఎప్పుడూ పెట్టలేదండీ, అసలు అలాంటిది ఒకటి ఉంటుందని కూడా మాకు తెలీదు అన్నాడు. ఆయన్ని తప్పు పట్టాలని లేదు. ఆయనకి చెప్పే ఏర్పాటే ఎక్కడా లేదు, ఎందుకు లేదో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మిషన్ 2015 జూన్ 25న మొదలైంది, 100 నగరాలు, కేంద్రం వాటా 48,000 కోట్లు, దానికి సమానంగా రాష్ట్రమూ కార్పొరేషనూ పెట్టాలి. మన దగ్గర ఆంధ్రాలో విశాఖ, కాకినాడ, తిరుపతి, అమరావతి, తెలంగాణలో వరంగల్, కరీంనగర్ (మొదట హైదరాబాద్ పేరు ఇచ్చి తర్వాత దాని బదులు కరీంనగర్ పెట్టుకున్నారు, అది వేరే కథ). ప్రతి నగరం తప్పనిసరిగా ఒక ఎస్పీవీ, అంటే ఈ పని కోసమే ఒక లిమిటెడ్ కంపెనీ పెట్టాలి, అందులో రాష్ట్ర ప్రభుత్వానికి సగం, కార్పొరేషన్‌కి సగం షేర్లు. ప్రైవేటు వాళ్ళని, బ్యాంకుల్ని తెచ్చుకోవచ్చు గానీ ఈ ఇద్దరి వాటాలు సమానంగానే ఉండాలి, ఇద్దరివీ కలిపి మెజారిటీ ఉండాలి. ఇంతవరకూ బాగానే ఉంది.

అసలు తిరకాసు మిషన్ గైడ్‌లైన్స్ తర్వాతి పేజీల్లో ఉంది. కౌన్సిల్‌కి స్మార్ట్ సిటీ ప్రాజెక్టు మీద ఉన్న హక్కులూ బాధ్యతలూ కంపెనీకి బదలాయించండి, మున్సిపల్ చట్టం కింద కార్పొరేషన్‌కి ఉన్న నిర్ణయాధికారాలు కంపెనీ సీఈఓకి ఇవ్వండి అని గైడ్‌లైన్స్‌లోనే ప్రోత్సహించారు. కంపెనీ చైర్‌పర్సన్ ఎవరుండాలి అంటే డివిజనల్ కమిషనర్, కలెక్టర్, పట్టణాభివృద్ధి సంస్థ అధిపతి లాంటి అధికారుల్లో రాష్ట్రం ఎవర్ని చెప్తే వాళ్ళు. మేయర్ పేరు ఆ వరసలో లేదు. మరి మేయర్‌ని ఎక్కడ పెట్టారంటే నగర స్థాయి అడ్వైజరీ ఫోరంలో, ఎంపీ, ఎమ్మెల్యే, యువకులు, కాలనీ సంఘాల వాళ్ళతో కలిపి, సలహాలు చెప్పడానికి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చి ఎన్నికైన కౌన్సిల్‌కి ఒక స్థానం ఇచ్చింది, సరిగ్గా 22 ఏళ్ళకి సగం వాటా ఉన్న ఓనర్‌కి సలహా చెప్పే కుర్చీ వేశారు. కొన్ని రాష్ట్రాల్లో మేయర్లని బోర్డులోకి తీసుకున్నారు, అది ఆ ప్రభుత్వాల ఇష్టం మీద జరిగిందే తప్ప ఊరి హక్కుగా జరగలేదు.

కంపెనీ పెట్టడమే తప్పు అని నేను అనను. మున్సిపల్ ఆఫీసులో ఫైలు కదలాలంటే ఎన్ని టేబుళ్ళు దాటాలో అందరికీ తెలుసు, పెద్ద ప్రాజెక్టులకి వేరే అకౌంటు, వేరే టీం, డబుల్ ఎంట్రీ పద్ధతిలో లెక్కలు ఉంటే మంచిదే. పుణెలో 2007లో రెండు కార్పొరేషన్ల బస్సుల్ని కలిపి ఒకే కంపెనీ చేశారు, అహ్మదాబాద్‌లో బీఆర్టీఎస్, అంటే ప్రత్యేక దారిలో నడిచే బస్సులు, నడిపేదీ కార్పొరేషన్ కంపెనీయే. మనకి మాత్రమే వచ్చిన ఐడియా కాదు. కానీ కంపెనీ అన్న పేరుతో స్వేచ్ఛ తీసుకున్నప్పుడు కంపెనీకి ఉండే క్రమశిక్షణ కూడా తీసుకోవాలి కదా. మన దగ్గర టెండర్ల స్పీడు కోసం అది కంపెనీ, ప్రశ్నలు అడిగితే అది ప్రభుత్వం.

ఆ క్రమశిక్షణ ఏంటో తెలీని వాళ్ళ కోసం రెండు మాటలు. ఏటా కనీసం నాలుగు బోర్డు మీటింగులు, రెండింటి మధ్య 120 రోజులకి మించకూడదు. మార్చితో ఏడాది ముగిస్తే సెప్టెంబర్ 30 లోపు ఏజీఎం, అంటే షేర్‌హోల్డర్ల వార్షిక సభ, అయిపోవాలి, ఆ తర్వాత 30 రోజుల్లో లెక్కలు, 60 రోజుల్లో యాన్యువల్ రిటర్న్ ఫైల్ చెయ్యాలి. పెయిడప్ క్యాపిటల్ (షేర్‌హోల్డర్లు కట్టిన మూలధనం) 10 కోట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ కంపెనీకి ఫుల్‌టైం కంపెనీ సెక్రటరీ, సీఎఫ్ఓ (ఆర్థిక వ్యవహారాల అధికారి) ఉండాలి, సీటు ఖాళీ అయితే ఆరు నెలల్లో నింపాలి. ఇండిపెండెంట్ డైరెక్టర్లని కంపెనీ శాఖ డేటాబ్యాంక్ నుంచి తీసుకోండి అని మిషన్ గైడ్‌లైన్సే చెప్పాయి. ఫైలింగ్ లేట్ అయితే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయల అదనపు ఫీజు. ఏడాది లేటైతే ఒక్క ఫారం మీద 36,500, రెండు ఫారాలకి 73,000. వందల కోట్ల కంపెనీకి ఇదేం లెక్క అంటారేమో, డబ్బు చిన్నదే, కానీ ఆ ఫీజు డైరెక్టర్ల జేబులోంచి పోతోందా ప్రాజెక్టు డబ్బులోంచి పోతోందా అని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా. ఇంకోటి, ప్రభుత్వ కంపెనీలకి చట్టంలో చాలా మినహాయింపులు ఉన్నాయి, 2017 జూన్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం లెక్కలూ రిటర్నులూ ఫైల్ చెయ్యడంలో డిఫాల్ట్ కాని కంపెనీకే ఆ మినహాయింపులు వర్తిస్తాయి. అంటే లేటు అనేది ఉత్త లేటుతో ఆగదు, మిగతా సౌకర్యాలన్నీ ప్రశ్నలో పడతాయి.

ఇక ఆడిట్ దగ్గరకొస్తే ఇంకా చిక్కు. కార్పొరేషన్ లెక్కలు చూసేది లోకల్ ఫండ్ ఆడిట్, అంటే ఇప్పుడు స్టేట్ ఆడిట్ అంటున్నారు. కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్‌ని మాత్రం కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) వేస్తుంది, తర్వాత కావాలంటే 60 రోజుల్లో సప్లిమెంటరీ ఆడిట్ చేసి కామెంట్లు ఇస్తుంది. ఒకే రోడ్డు మీద సగం కార్పొరేషన్ వేసి సగం కంపెనీ వేస్తే, రెండు సగాల్నీ పక్కపక్కన పెట్టి చూసే ఆడిటర్ మామూలుగా ఎవరూ లేరు. ఒకే పనికి రెండు చోట్ల బిల్లు అయిందా అన్న ప్రశ్న రెండు ఆడిట్ల మధ్య జారిపోయే అవకాశం ఉంది.

పైగా చట్టంలో ప్రభుత్వ కంపెనీ అంటే 51 శాతానికి తగ్గకుండా షేర్లు కేంద్రం గానీ రాష్ట్రాలు గానీ పట్టుకున్న కంపెనీ. ఇక్కడ రాష్ట్రానిది 50, మిగతా 50 కార్పొరేషన్‌ది, కార్పొరేషన్ రాష్ట్ర ప్రభుత్వం కాదు. అక్షరాలా చదివితే 51 రాదు. ఆడిట్ విషయంలో సెక్షన్ 139(5) ప్రభుత్వ కంపెనీతో పాటు ప్రభుత్వం యాజమాన్యంలో గానీ కంట్రోల్లో గానీ ఉన్న ఇతర కంపెనీల్ని కూడా కలిపింది కాబట్టి కాగ్ వస్తుంది. కానీ వార్షిక నివేదికని, ఆడిట్ రిపోర్టుని, కాగ్ కామెంట్లని శాసనసభ ముందు పెట్టాలి అనే సెక్షన్ 395 మాత్రం ప్రభుత్వ కంపెనీ అనే మాట మీదే నడుస్తుంది. అంటే అసెంబ్లీకి వెళ్ళడం కూడా వాదనకి లోబడిందే. సరే, వెళ్ళిందే అనుకుందాం. అసెంబ్లీలో ఆ రోజు టేబుల్ మీద పెట్టే పుస్తకాల్లో అదొకటి, ఎవరు చదువుతారు. చదవాల్సింది ఎక్కడ, ఆ ఊరి కౌన్సిల్లో. అక్కడ పెట్టమని కంపెనీల చట్టంలో ఒక్క లైను కూడా లేదు, ఎందుకంటే ఆ చట్టం రాసేటప్పుడు షేర్‌హోల్డర్ అంటే ఏజీఎంకి వచ్చి కూర్చుని అడిగేవాడు అనుకుని రాశారు, షేర్‌హోల్డర్ ఒక ఊరు అయితే ఏజీఎంకి ఎవరొస్తారు అని ఆలోచించలేదు.

మరి ఎవరొస్తారు? పబ్లిక్ కంపెనీకి ఏడుగురు సభ్యులుండాలి కాబట్టి కొన్ని షేర్లు అధికారుల హోదాల పేర్ల మీద పెడతారు, మిగతావి రాష్ట్రం, కార్పొరేషన్ పేర్ల మీద. ఏజీఎం రోజు వాళ్ళే వస్తారు. చాలా ఊళ్ళల్లో కమిషనర్ గారే కంపెనీ ఎండీ (అంటే సీఈఓ), మళ్ళీ కార్పొరేషన్ తరఫున షేర్‌హోల్డర్ ప్రతినిధి కూడా ఆయనే. ఎండీగా లెక్కలు సంతకం పెట్టింది ఆయన, షేర్‌హోల్డర్‌గా ఆమోదించింది ఆయన, కంపెనీ కార్పొరేషన్‌కి రాసిన లెటర్‌కి కార్పొరేషన్ తరఫున జవాబు రాసేదీ ఆయనే. కౌన్సిల్ గడువు అయిపోయి ఎన్నికలు లేని ఊళ్ళల్లో అయితే ఇంకా సుఖం, కలెక్టర్ గారే కౌన్సిల్ బదులు పాలించే స్పెషల్ ఆఫీసర్ అయిన చోట, ఆయనే కంపెనీ చైర్మన్ కూడా అయితే, మొత్తం ఊరూ కంపెనీ కలిపి ఇద్దరు అధికారుల చేతిలో ఉన్నట్టు. ఆ అధికారులు నిజాయితీపరులే అనుకుందాం, చాలామంది నిజాయితీపరులే. కానీ ఒక మనిషి తనకి తాను ప్రశ్న వేసుకుని తనే జవాబు చెప్పుకుని తృప్తి పడితే దాన్ని కంట్రోల్ అనరు. పైగా వాళ్ళకి బదిలీలు. సీఈఓకి మూడేళ్ళ ఫిక్స్‌డ్ టర్మ్ ఉండాలి, కేంద్రం అనుమతి లేకుండా తీసెయ్యకూడదు అని గైడ్‌లైన్స్‌లో రాసుకున్నారు, అయినా చాలా నగరాల్లో ఫిక్స్‌డ్ టర్మ్ ఉన్న ప్రత్యేక సీఈఓ లేకపోవడం వల్లే పనులు కుంటుపడ్డాయని పార్లమెంటు స్థాయీ సంఘం 2024లో చెప్పాల్సి వచ్చింది. డైరెక్టర్ మారిన ప్రతిసారీ కొత్తాయన పాత లెక్కల మీద సంతకం పెట్టనంటాడు, పాతాయన నేను వెళ్ళిపోయాను కదా అంటాడు, సెప్టెంబర్ 30 వెళ్ళిపోతుంది.

దక్షిణాఫ్రికా చట్టం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అక్కడ మున్సిపాలిటీలు పెట్టిన కంపెనీలకి విడిగా నియమాలు ఉన్నాయి. కౌన్సిలర్ గానీ, ఓనర్ అయిన మున్సిపాలిటీలో ఉద్యోగి గానీ ఆ కంపెనీకి డైరెక్టర్ కాకూడదు. కౌన్సిల్ కావాలంటే తన మనిషిని బోర్డు మీటింగుకి పరిశీలకుడిగా పంపొచ్చు, ఆయన వింటాడు, వచ్చి కౌన్సిల్‌కి చెప్తాడు, అక్కడ ఓటు వెయ్యడు. కంపెనీ బడ్జెట్ ఏడాది మొదలవ్వడానికి 150 రోజుల ముందే కౌన్సిల్‌కి ఇవ్వాలి, జనవరి 20 లోపు అర్ధ సంవత్సరం రిపోర్టు ఇవ్వాలి, ఏడాది ముగిసిన రెండు నెలల్లో లెక్కలు ఆడిటర్ జనరల్‌కి వెళ్ళాలి. ఇదంతా 2003లో వచ్చిన మున్సిపల్ ఫైనాన్స్ చట్టం, దానికి తోడు ఉన్న మున్సిపల్ సిస్టమ్స్ చట్టం. అక్కడ అంతా బంగారం అని చెప్పట్లేదు, అక్కడి నగరాల కరెంటు కంపెనీల కష్టాలు వేరే. కానీ కనీసం ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో కాగితం మీద తేలిపోయింది. ఏది చెయ్యొద్దని వాళ్ళు రాసుకున్నారో సరిగ్గా అదే మన దగ్గర రూలు అయి కూర్చుంది.

అయితే కార్పొరేటర్లని తీసుకెళ్ళి బోర్డులో కూర్చోబెడితే సరిపోతుందా అంటే అదీ కాదు. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ కౌన్సిల్ 2015లో పేదవాళ్ళకి చవగ్గా కరెంటూ గ్యాసూ ఇద్దామని రాబిన్ హుడ్ ఎనర్జీ అనే కంపెనీ పెట్టింది, ఉద్దేశం ఎంత మంచిదో పేరే చెప్తోంది. బోర్డులో కౌన్సిలర్లు ఉన్నారు, ఆ వ్యాపారం గురించి తగినంత తెలిసినవాళ్ళు లేరు. కంపెనీ నష్టపోతుంటే కౌన్సిల్ ఇంకా అప్పు ఇస్తూ పోయింది, ఎందుకంటే అడగాల్సినవాళ్ళే అటువైపు కూర్చున్నారు. 2020లో మూతపడేసరికి కౌన్సిల్‌కి దాదాపు 3 కోట్ల 80 లక్షల పౌండ్ల నష్టం తేలింది. అదే ఏడాది క్రాయిడన్ కౌన్సిల్ సంగతి బయటపడింది, ఇళ్ళు కట్టడానికి సొంతంగా పెట్టుకున్న కంపెనీకి దాదాపు 20 కోట్ల పౌండ్లు అప్పిచ్చి వడ్డీ గానీ డివిడెండ్ గానీ ఏమీ చూడలేదు, ఆ నవంబర్లో కౌన్సిల్ ఇక కొత్త ఖర్చు పెట్టలేం అని నోటీసు ఇచ్చుకుంది. రెండు చోట్లా దొంగతనం కథ కాదండీ. ఆడిటర్ల రిపోర్టుల్లో ఉన్న సారం ఏంటంటే హెచ్చరికలు ముందే కనపడ్డాయి, వాటిని పట్టుకుని గట్టిగా అడిగే మనిషి లేడు.

మన కంపెనీలు ఇప్పటిదాకా ఎక్కువగా గ్రాంటు మీద నడిచాయి కాబట్టి ఆ స్థాయి అప్పులు లేవు. ఇకముందు ఏంటన్నదే భయం. కంపెనీల్ని మూసెయ్యకుండా వేరే పనులకి వాడుకోండి, ఇతర పట్టణాలకి కన్సల్టెన్సీ చెయ్యండి, టెక్నాలజీ సపోర్టు ఇవ్వండి, పెట్టుబడులు తెండి అని కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ 2025లో రాష్ట్రాలకి సలహా ఇచ్చింది. పెట్టుబడులు తేవడం అంటే రేపు అప్పు, ఎల్లుండి గ్యారంటీ. ఎవరు గ్యారంటీ ఇస్తారు, కార్పొరేషన్. దేంతో కడుతుంది, ఇంటి పన్నుతో. ఇక్కడ ఒక తమాషా గమనించండి. హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ 2018లో 200 కోట్ల బాండ్లు, అదే ఏడాది విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీ 80 కోట్ల బాండ్లు తెచ్చాయి, ఆ బాండ్లు కొన్నవాళ్ళ కోసం సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రూల్స్ ప్రకారం లెక్కలు బయటపెట్టాలి. అప్పిచ్చినవాడికి లెక్క చూపించడం వచ్చు, పన్ను కట్టినవాడికి చూపించడానికే చెయ్యి రాదు.

ఇంకా రెండు మూడు చిన్నవిగా కనపడే పెద్ద విషయాలున్నాయి. గ్రాంటు డబ్బు బ్యాంకులో కూర్చుంటే వడ్డీ వస్తుంది కదా, ఆ వడ్డీ కంపెనీ ఆదాయం కాదు, జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017 ప్రకారం కేంద్రానికి తిరిగి జమ చెయ్యాలి. ఏళ్ళ తరబడి వచ్చిన వడ్డీని ఎవరు ఎలా చూపించారు, ఎంత తిరిగి కట్టారు అన్నది బ్యాలెన్స్ షీట్ నోట్సులోనే తెలుస్తుంది. అలాగే యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన గ్రాంటు ఖర్చు పెట్టామని రాసిచ్చే కాగితం. కాంట్రాక్టర్‌కి అడ్వాన్సు ఇస్తే ఖర్చు అయిపోయినట్టు కాదు, పని అయితేనే ఖర్చు, ఈ తేడా తెలిసిన సీఎఫ్ఓ ఉంటే సర్టిఫికెట్ ఒకలా ఉంటుంది, లేకపోతే ఇంకోలా ఉంటుంది.

ఆస్తుల సంగతి అన్నిటికన్నా ముఖ్యం అని నా అభిప్రాయం. ఊరి కెమెరాలూ సేవలూ ఒక్కచోట నుంచి చూసే కమాండ్ కంట్రోల్ సెంటర్లు మొత్తం 100 నగరాల్లోనూ కట్టారు. కెమెరాలు, సర్వర్లు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, ఇవి రోడ్డు లాంటివి కావు, ఏటా మెయింటెనెన్స్ కట్టాలి, కొన్నేళ్ళకి మొత్తం మార్చాలి. మిషన్ ఉన్నప్పుడు గ్రాంటు ఉంది. ఇప్పుడు ఆ బిల్లు ఎవరిది? ఆస్తి కంపెనీ పుస్తకాల్లో ఉందా, కార్పొరేషన్‌కి అప్పగించారా, అప్పగిస్తే ఏ తారీఖున, ఏ విలువకి, ఏ కాగితం మీద? మొదట్లో చెప్పిన ఆ ఆడిటర్ మాట, భౌతికంగా చెక్ చేసిన రికార్డు ఇవ్వలేదు అన్నది, ఇక్కడే తగుల్తుంది. లెక్కల్లో ఫలానా పార్కులో ఫలానా స్తంభం ఉంటుంది, డిప్రిసియేషన్ (తరుగుదల) కూడా ఏటా వేస్తారు, అక్కడికెళ్ళి చూస్తే స్తంభం ఉందో లేదో దేవుడికెరుక. రేపు కంపెనీని మూసేస్తే మిగిలిన ఆస్తి షేర్ల ప్రకారం పంచాలి, అంటే ఊళ్ళో ఉన్న లైట్లలో, సెంటర్లో సగం రాష్ట్రానిది అవుతుంది. ఆ ప్రశ్న రాకముందే కౌన్సిల్ కూర్చుని ఆస్తుల జాబితా తెప్పించుకుని ఏది ఎవరిదో తేల్చుకోకపోతే తర్వాత కోర్టుల చుట్టూ తిరగడమే.

ఇప్పుడు ఏం చెయ్యొచ్చు? కొత్త చట్టం రావాలి, కమిటీ వెయ్యాలి అని నేను అడగను, కమిటీ వేస్తే దానికో చైర్మన్, ఆయనకో కారు. ఉన్న చట్టంలోనే ఒక తలుపు ఉంది, ఎవరూ తట్టట్లేదు. కంపెనీల చట్టం సెక్షన్ 113 ప్రకారం ఒక సంస్థకి ఇంకో కంపెనీలో షేర్లుంటే ఏజీఎంకి ఎవర్ని పంపాలో ఆ సంస్థ పాలకవర్గం తీర్మానం చేసి చెప్తుంది. మున్సిపల్ కార్పొరేషన్ పాలకవర్గం ఎవరు, కౌన్సిల్. కమిషనర్ హోదాతో ఆటోమేటిక్‌గా వెళ్ళి కూర్చోవడం అలవాటు అయిపోయింది గానీ, కౌన్సిల్ తలుచుకుంటే తీర్మానం పెట్టి ఫలానావాళ్ళు మా తరఫున ఏజీఎంకి వెళ్ళాలి, లెక్కల మీద ఇలా ఓటు వెయ్యాలి, ఈ ప్రశ్నలు అడగాలి, తిరిగొచ్చి కౌన్సిల్లో రిపోర్టు పెట్టాలి అని చెప్పొచ్చు. దానికి ముందు లెక్కలు కౌన్సిల్ ముందుకి రావాలి కదా, ఏజీఎంకి 21 రోజుల ముందు ఆడిట్ అయిన లెక్కలు సభ్యులకి పంపాలని చట్టమే చెప్తోంది, సభ్యుడు కార్పొరేషన్, ఆ కాగితాలు వచ్చేది కమిషనర్ ఆఫీసుకి. అక్కడి నుంచి మేయర్ టేబుల్ మీదకి రావడానికి కారిడార్ దాటితే చాలు.

అధికారులు చెప్పే అభ్యంతరం నాకు తెలుసు. కౌన్సిల్లో పెడితే రాజకీయం అవుతుంది, అరుపులు తప్ప లెక్కలు ఎవరికి అర్థమవుతాయి, పనులు ఆగిపోతాయి అంటారు. మొదటి ముక్క కొంత నిజమే, కౌన్సిల్ మీటింగులు ఎలా జరుగుతాయో అందరం చూస్తూనే ఉన్నాం. కానీ ఆడిటర్ రాసిన పేజీన్నర కామెంట్లు తెలుగులో పెడితే అర్థం చేసుకోలేని కార్పొరేటర్ నాకు కనపడలేదు, వీధిలో డ్రైనేజీ ఎస్టిమేట్‌ని వేలితో పట్టుకుని చదివేవాళ్ళు వాళ్ళు. పనులు ఆగుతాయి అన్నదానికి అయితే, మిషన్ పనులు దాదాపు అయిపోయాయిగా, ఇప్పుడు ఆగేదేముంది.

బోర్డు వైపు కూడా ఒక మాట. కమిషనర్‌ని బోర్డులో ఉంచుకోండి, ఊరి అవసరం ఆయనకి తెలుసు, ఎండీ మాత్రం వేరే మనిషి ఉండాలి. ఆడిట్ కమిటీకి అధికారులు కాని ఇండిపెండెంట్ డైరెక్టర్ చైర్మన్ కావాలి, ఆ సీట్లు నింపకుండా ఏళ్ళు గడపడం ఇక ఆపాలి. కార్పొరేషన్‌తో కంపెనీ చేసే ప్రతి లావాదేవీ, అద్దె కావచ్చు, అప్పగింత కావచ్చు, జీతాలు పంచుకోవడం కావచ్చు, రెండు వైపులా ఒకే మనిషి సంతకం ఉంటే చెల్లదు అని బోర్డే ఒక తీర్మానం చేసుకుంటే ఖర్చేమీ లేదు. వెబ్‌సైట్లో ఏటా లెక్కలు పెట్టడం అయితే సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ఎలాగూ అడుగుతున్న పనే, మొత్తం ప్రభుత్వ డబ్బుతో నడిచే కంపెనీ ఆ చట్టం కిందకి రాదని వాదించడం కష్టం. చాలా సైట్లు తెరిస్తే నాయకుల ఫొటోలూ టెండర్ నోటీసులే తప్ప బ్యాలెన్స్ షీట్ వెతుక్కోవాలి.

ఎడిటర్ గారూ, చివరగా మీ పేపరుకి ఒక విన్నపం. ఈ ఆరు నగరాల్లో మీకు విలేకరులున్నారు. ప్రతి ఒక్కర్నీ ఆ ఊరి కంపెనీని నాలుగు ప్రశ్నలు అడగమనండి. ఆఖరి ఏజీఎం ఏ తారీఖున జరిగింది, కార్పొరేషన్ తరఫున ఎవరు వెళ్ళారు, వాళ్ళని పంపిన కౌన్సిల్ తీర్మానం నంబరెంత, ఆ ఏడాది లెక్కల మీద కాగ్ ఏం కామెంట్ చేసింది. జవాబు ఇచ్చిన ఊరి జవాబు వెయ్యండి, ఇవ్వని ఊరి పేరు ఎదురుగా ఖాళీ గడి వదిలి వెయ్యండి. వీలైతే సెప్టెంబర్ మొదట్లోనే వెయ్యండి, 30వ తారీఖు ఏజీఎం గడువుకి ముందు కార్పొరేటర్లకి ఒక కౌన్సిల్ మీటింగ్ దొరుకుతుంది.

ఇట్లు,
ఇంటి పన్ను సకాలంలో కట్టే ఒక పాఠకుడు